ఆరో చాప: ఒక బర్మా కాందిశీకుడి ఆత్మకథ ఎక్కడ ఆగింది, ఎలా కదిలింది

పెద్దవాళ్ళ జీవితకథలు పుస్తకాలుగా రావడానికి సాయం చేసే ఎడిటర్‌ని నేను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో రిటైరైన పాస్టర్లు ఎక్కువ. వాళ్ళకి చెప్పడం బాగా వచ్చు, రాయడమూ వచ్చు. అయినా సొంత కథ దగ్గరికొచ్చేసరికి చాలామంది ఒకేచోట చిక్కుకుంటారు. ఆ చిక్కు బాగా కనబడిన కేసు కాబట్టి దీన్ని వివరంగా రాస్తున్నాను. ఆయన, ఆయన కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు వాడలేదు. సంఘం, సేవ చేసిన ఊళ్ళు, ఇంటి వివరాలు కొన్ని మార్చాను. రంగూన్, విశాఖ మాత్రం మార్చలేదు. అవి మారిస్తే ఇక చెప్పడానికి ఏమీ మిగలదు.

నేపథ్యం

ఆయన్ని అందరూ పిలిచినట్టే నేనూ అయ్యగారనే అంటాను. పుట్టింది 1951లో, బర్మాలోని (ఇప్పటి మయన్మార్) రంగూన్‌లో. పూర్వీకులది శ్రీకాకుళం వైపు. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి మేస్త్రీల దగ్గర అడ్వాన్సు తీసుకుని, డెక్కు మీద కూర్చుని బర్మా వెళ్ళిన వేలాది కూలీల్లో వాళ్ళ తాత ఒకడు. ఆ తెలుగువాళ్ళని అక్కడ కోరంగీలు అనేవారు. రైసు మిల్లుల్లో, ఓడరేవులో, రిక్షాల దగ్గర వాళ్ళే. 1930 మే నెలలో రేవు కూలీ పని కోసం మొదలైన గొడవలో కోరంగీలు ఎందరో చనిపోయారు. అయినా తిరిగి వెళ్ళేవాళ్ళు వెళ్తూనే ఉన్నారు. 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే.

ఈ కేసులో రెండు ప్రయాణాలున్నాయి. అసలు చిక్కంతా ఆ రెండూ కలిసిపోవడం వల్ల వచ్చిందే కాబట్టి వాటిని విడివిడిగా చెప్తాను.

మొదటిది 1942 నాటిది. 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఆ తర్వాతి నెలల్లో నాలుగైదు లక్షల మంది భారతీయులు బర్మా వదిలి బయల్దేరారు. ఓడలో చోటు దొరికింది కొద్దిమందికే, మిగిలినవాళ్ళు నడిచారు. అయ్యగారి నాన్న అప్పటికి కుర్రాడు. తల్లితో, తమ్ముడితో ప్రోమ్ పట్నం వరకు వెళ్ళి, టౌంగప్ కనుమ దాటి అరకాన్ తీరానికి చేరి, పడవల మీద చిట్టగాంగ్ వచ్చాడు. ఆ దారిలో కలరా చాలామందిని పొట్టన పెట్టుకుంది. ఆ తమ్ముడు కూడా దారిలోనే పోయాడు. యుద్ధం అయ్యాక నాన్న మళ్ళీ రంగూన్ వెళ్ళాడు. పెళ్ళి చేసుకుని, మెల్లగా ఒక కిరాణా కొట్టు పెట్టుకున్నాడు.

రెండోది 1965 నాటిది. 1962 మార్చిలో నె విన్ సైన్యం అధికారంలోకి వచ్చింది. 1964 మార్చిలో కొట్లు జాతీయం చేశారు. నాన్న కొట్టుకి నంబరు వేసి, ప్రజా దుకాణం అని బోర్డు పెట్టారు. మే 17న యాభై, వంద చాట్ (బర్మా కరెన్సీ) నోట్లు చెల్లవన్నారు. చేతిలో దాచుకున్నది కాస్తా కాగితాలైపోయింది. రంగూన్‌లోని భారత రాయబార కార్యాలయం పాస్‌పోర్టు బదులు ఇచ్చిన ఎమర్జెన్సీ సర్టిఫికెట్ పట్టుకుని, ఒంటిమీది బంగారం కూడా అక్కడే ఒలిచిపెట్టి, 1965లో కుటుంబం ఓడెక్కి విశాఖలో దిగింది. అప్పటికి అయ్యగారికి పధ్నాలుగేళ్ళు. అంతకుముందు రంగూన్‌లో మిషన్ స్కూల్లో చదివాడు. తెలుగు బాప్టిస్టు సంఘం సండే స్కూల్‌కి పాటల కోసం, బిస్కెట్ల కోసం వెళ్ళేవాడు. ఇంట్లో మాత్రం గ్రామదేవత పటమే ఉండేది.

విశాఖలో కాందిశీకుల క్యాంపులో ఉన్నప్పుడే, పదిహేడేళ్ళ వయసులో మారుమనస్సు పొంది బాప్తిస్మం తీసుకున్నాడు. బైబిలు ట్రైనింగ్ స్కూల్లో చదివి, ఉత్తరాంధ్ర తీరంలో మత్స్యకారుల ఊళ్ళలో సేవ మొదలుపెట్టాడు. 1977 నవంబరు ఉప్పెన తర్వాత దివిసీమ వెళ్ళి శవాలు తీసినవాళ్ళలో ఆయనా ఉన్నాడు. కరపత్రాలు రాశాడు, పాటలు రాశాడు. 1980లలో ఒక చిన్న మాసపత్రిక నడిపాడు. ట్రెడిల్ ప్రెస్సులో అక్షరాలు కూర్చే కంపోజిటర్ పక్కన స్టూలు వేసుకుని, సీసం అచ్చుల్ని తలకిందులుగానే చదివి తప్పులు పట్టేవాడని అప్పటి కంపోజిటర్ నాకు చెప్పాడు. కాందిశీకుల క్యాంపులో తేలిన ఒక కుర్రాడు బోధకుడై, రచయితై, యాభై ఏళ్ళు నిలబడ్డ కథ ఇది. పైకి చూస్తే ఇంత తేలికగా రాయగలిగే ఆత్మకథ మరొకటి ఉండదు.

వచ్చిన సమస్య

నా దగ్గరికి మొదట వచ్చింది వాళ్ళబ్బాయి. "నాన్న పుస్తకం మొదలుపెట్టి ఏళ్ళయింది మేడమ్, ముందుకు కదలట్లేదు" అన్నాడు. ఒక సంచీ నిండా నోటు పుస్తకాలు తెచ్చాడు. సేవ గురించిన భాగం పుష్కలంగా ఉంది. ఏ ఊళ్ళో ఎవరికి బాప్తిస్మం ఇచ్చాడు, ఏ పాక ఎలా చర్చి అయింది, ఏ కరపత్రం ఎక్కడ పంచితే ఎవరు కొట్టడానికి వచ్చారు, అన్నీ ఉన్నాయి. రంగూన్ మాత్రం లేదు. ప్రతి నోటు పుస్తకంలోనూ మొదటి అధ్యాయం మళ్ళీ కొత్తగా మొదలై, రెండు మూడు పేజీలకే ఆగిపోయింది. ఆ పేజీలైనా ఒకదాని నకలు ఒకటే: బాంబులు, అడవి, కలరా, దేవుని కృప. ఆ వెంటనే విశాఖ.

మర్చిపోయి ఉంటాడని మొదట అనిపించింది. డెబ్బై దాటిన మనిషి, చిన్ననాటి సంగతులు. కానీ ఇంటికెళ్ళి మాట్లాడితే ఆ అనుమానం నిలవలేదు. రంగూన్‌లో బస్సు టికెట్టు ఎంతో, వాళ్ళ వీధి చివర మొహింగా (బర్మావాళ్ళ చేపల పులుసు నూడుల్స్) అమ్మే ఆవిడ కుండని ఎలా తిప్పేదో చెప్పగలడు. మరి కాగితం మీదికి ఎందుకు రావట్లేదు? కేసంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ముందు చేసి చూసినవి

రికార్డర్ పెట్టి మొదటినుంచీ చెప్పించడం మామూలుగా నేను చేసే పని. ఎక్కువమందికి అది సరిపోతుంది. ఇక్కడ సరిపోలేదు. రికార్డర్ ఆన్ కాగానే అయ్యగారి గొంతు మారిపోయేది. నడుం నిటారయ్యేది. నాకు వినబడేది జ్ఞాపకం కాదు, సాక్ష్యం: తనని దేవుడెలా మార్చాడో విశ్వాసి సభలో చెప్పుకునే కథ. ఉజ్జీవ కూటాల్లో వందలసార్లు చెప్పిన సాక్ష్యానికి ఒక కట్టుబాటు ఉంటుంది: ముందు చీకటి, తర్వాత వెలుగు. చీకటి భాగం పొట్టిగా, భయంకరంగా ఉండాలి. మైకు ముందు నలభై నిమిషాలే ఉంటాయి కాబట్టి వెలుగు దగ్గరికి త్వరగా రావాలి. ఆ కట్టుబాటులో ఇమడనివన్నీ ఏళ్ళ తరబడి రాలిపోతూ వచ్చాయి.

ఇది ఊహ కాదని తేల్చుకోవాలని పాత క్యాసెట్లు అడిగాను. అబ్బాయి కొన్నింటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి ఉంచాడు. వరసపెట్టి విన్నాను. 1980ల నాటి క్యాసెట్‌లో, "మా నాన్న, మా మామ్మ అడవిలో నడిచొచ్చారు" అన్నాడు. కొన్నేళ్ళ తర్వాతి దాన్లో, "మా కుటుంబం నడిచొచ్చింది." ఈమధ్య వీడియోలో, "మేం నడిచొచ్చాం." ఆపే చోటు, దగ్గే చోటు కూడా మారలేదు, నడిచినవాళ్ళే మారారు. పిల్చేవాళ్ళు వేసిన ఫ్లెక్సీలు కూడా చూశాను. "బర్మా నుండి కాలినడకన వచ్చిన దైవసేవకులు" అని ఆయన ఫోటో కింద పెద్దక్షరాల్లో ఉంది. ఎవరో మొదట అలా వేశారు, ఆయన దిద్దలేదు, తర్వాత వాళ్ళందరూ అదే వేశారు. వెనక్కి తీసుకోవడానికి ఏ ఏటికాయేడు ఇంకాస్త కష్టమైంది.

ఇది తెలిసినా నేను ఆయన ముందు పెట్టలేదు. కారణం చెప్పాలి. ఒక సేవకుడికి సాక్ష్యం అంటే ఆయన మాట మీద జనానికున్న నమ్మకం. అందులో ఒక తేదీ తప్పు అని బయటివాళ్ళు అంటే, మొత్తం జీవితమే అబద్ధమన్నట్టు వినిపిస్తుంది. పైగా ఆ నడక ఆయనకి పరాయిది కాదు. మామ్మ ఒళ్ళో కూర్చుని రోజూ విన్న కథ. చనిపోయిన బాబాయి పేరే ఈయనకి పెట్టారు. విన్నది చూసినట్టే మారడానికి అంతకన్నా ఏం కావాలి?

అబ్బాయి ఇంజనీరు. అతని ఓర్పు అతనిది, అతని పద్ధతి అతనిది. ఒక ఎక్సెల్ షీటు తయారుచేశాడు. ఒక గడిలో పుట్టిన సంవత్సరం 1951, ఇంకో గడిలో నడక 1942, మధ్యలో ఎర్ర రంగు. ప్రింటు తీసి నాన్న చేతికిచ్చాడు. మంచి ఉద్దేశంతోనే. అయ్యగారు దాన్ని మడిచి బైబిల్లో పెట్టుకుని, "పుస్తకం ఒద్దులే అమ్మా, ఒదిలేద్దాం" అన్నారు. అక్కడితో పని ఆగింది.

దీనికి ముందు ఒక ప్రశ్నావళి కూడా ఇచ్చి చూశాను. చిన్నప్పుడు ఏం తిన్నారు, ఎవరితో ఆడారు, ఇలాంటివి. చాలా ప్రశ్నలకి జవాబుగా బైబిలు వాక్యాలు రాశారు. మీ నాన్నగారు ఎలాంటివారు అనే ప్రశ్న కింద కీర్తనల గ్రంథంలోంచి ఒక వచనం, అంతే. ప్రశ్న ఎంత సూటిగా ఉంటే ఆయన అంత గట్టిగా ప్రసంగ పీఠం వెనక్కి వెళ్ళిపోయేవారు.

కదలిక ఎక్కడ మొదలైంది

కొంతకాలం వదిలేశాను. ఈ వయసులో వదిలేయడం కూడా రిస్కే, ఆ టెన్షన్ నాకుంది. కానీ వెంటపడితే ఇంకా బిగుసుకుంటారని అనిపించింది. మళ్ళీ వెళ్ళినప్పుడు నేను ఆయన పుస్తకం మాటే ఎత్తలేదు. ఇంకో పెద్దాయన రాతప్రతి పట్టుకెళ్ళాను. ఆ పెద్దాయన అనుమతి ముందే తీసుకున్నాను. "అయ్యగారూ, ఇది మీరొకసారి దిద్దిపెట్టాలి, మీరు పత్రిక నడిపినవారు కదా" అన్నాను.

ఇలా చేయడానికి ఒక ఆలోచన ఉంది. అయ్యగారిలో ఇద్దరున్నారు. ఒకరు బోధకుడు, ఇంకొకరు ఎడిటర్. బోధకుడికి అలవాటైన దారి ఒకటే. కానీ ఆ ఎడిటర్ మహా కఠినుడు. పాత సంచికల ప్రూఫులు చూస్తే తెలుస్తుంది, పెద్దపెద్ద పాస్టర్ల వ్యాసాల్ని కూడా సగానికి సగం కొట్టేసినవాడు. ఆ రెండో మనిషిని కుర్చీలో కూర్చోబెట్టగలిగితే చాలనుకున్నాను.

ఎర్ర పెన్ను తీసుకున్నారు. వారం తర్వాత వెళితే రాతప్రతి అంతా ఎర్రగా ఉంది. ఒక పేజీ మార్జిన్‌లో, ఆ పెద్దాయన తన తాత కాలం నాటి కరువుని కళ్ళతో చూసినట్టు రాసిన చోట, అయ్యగారి చేతిరాత: "ఇది నీవు చూచితివా, వింటివా? విడదీసి వ్రాయుము."

ఆ పేజీ ఆయన ముందు పెట్టి, "ఇది చాలా మంచి సూత్రం అయ్యగారూ. దీన్ని పట్టుకునే మన పుస్తకం కూడా చేద్దామా?" అన్నాను. నేను తేదీల మాట ఎత్తలేదు. ఆయన చాలాసేపు ఆ ఎర్ర అక్షరాల వంకే చూసి, "రెండు పుస్తకాలు కొనుక్కురామ్మా" అన్నారు. తెచ్చాను. ఒకదాని అట్ట మీద "విన్నది", రెండోదాని మీద "చూచినది" అని ఆయనే రాసుకున్నారు. 1942 నడక అంతా మొదటి పుస్తకంలోకి వెళ్ళింది. అదీ రెండు పేజీల్లో ఆగిపోకుండా, మామ్మ చెప్పిన వరసలో, మామ్మ మాటల్లో, నలభై పేజీలకి పైగా వచ్చింది. తాను నడవాల్సిన అవసరం లేకపోయేసరికి ఆ నడక పూర్తిగా బయటికొచ్చింది. దిద్దుబాటు ఆయనదే. ఆయన నియమం ప్రకారమే జరిగింది. బయటివాళ్ళెవరూ తప్పు పట్టినట్టు లేదు.

రెండో పుస్తకం మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది.

చాపలు

రంగూన్ ఇల్లు బొమ్మ గీయమన్నాను. ఇది నేను వేరే కేసుల్లో కూడా వాడాను. గీత గీసేటప్పుడు మనిషి ప్రసంగం చేయలేడు. గోడ ఎక్కడుందో, కుళాయి ఎక్కడుందో ఆలోచించాలి. దానికి చీకటి వెలుగుల వరస అక్కర్లేదు. అయ్యగారు పెన్సిలు, రబ్బరు, స్కేలు పెట్టుకుని కూర్చున్నారు. మేడమీద ఒక గది, దాని ముందు చెక్క వసారా, కింద కొట్టు. కిటికీలోంచి ఏ గుడి గోపురం కనబడేదో బాణం గీసి చూపించారు. వంటకి ఒక మూల, నీళ్ళ డ్రమ్ము, బట్టల తీగ. తర్వాత రాత్రి ఎవరెవరు ఎక్కడ పడుకునేవారో చాపలు గీశారు.

చాపలు ఆరు.

అప్పటికే వాళ్ళ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ కాపీ నా ఫైల్లో ఉంది. అందులో ఉన్నది ఐదుగురి పేర్లు. నాన్న, అమ్మ, మామ్మ, అయ్యగారు, చెల్లెలు. క్యాసెట్లలో, నోటు పుస్తకాల్లో కూడా ఎప్పుడూ ఈ ఐదుగురే.

అడగలేదు. ఆ క్షణంలో అడగాలని చాలా అనిపించింది. అడగకపోవడానికి నా లెక్కలు ఇవి. అది పనివాడి చాపో, చుట్టం చాపో కావచ్చు, నేను కథలు అల్లకూడదు. ఒకవేళ కాకపోతే, ఆయన చెయ్యి ఆయనకన్నా ముందే నిర్ణయం తీసుకుంది. నేను వేలు పెట్టి చూపిస్తే పక్కనే రబ్బరుంది. ఇంకొకటి, నేను ఎడిటర్‌నే గానీ కౌన్సెలర్‌ని కాను. ఏం తెరుచుకుంటుందో తెలియనప్పుడు తలుపు నేను తొయ్యకూడదు. అందుకే ఆ బొమ్మలోనే ఇంకా చిన్న చిన్న వివరాలు అడిగాను. తీగ మీద ఎవరి బట్టలు ఆరేవి? వర్షం వస్తే ఏ వైపు తడిసేది? బొమ్మ ఆయన దగ్గరే ఉంచి వచ్చేశాను. అయ్యగారి భార్య, అమ్మగారితో మాత్రం, రాత్రి నిద్ర పట్టకపోయినా బీపీ పెరిగినా డాక్టరుకి చూపించమనీ, పని ఆపేద్దామనీ చెప్పాను.

తర్వాత వెళ్ళినప్పుడు "చూచినది" పుస్తకంలో మొదటి వాక్యం ఉంది: "బర్మా వారి వలె లుంగీ కట్టుట నాకు మా అప్ప నేర్పినది."

ఆ అప్ప, అంటే అక్క, సంగతి ఆ వారాల్లో మెల్లగా వచ్చింది. ఆయనకన్నా కొన్నేళ్ళు పెద్దది. 1963లో ఒక బర్మా స్కూలు మాస్టార్ని పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. నాన్న ఆ పేరు ఇంట్లో పలకొద్దన్నాడు. ఓడెక్కే ముందు ఆమె రేవు దాకా వచ్చిందో లేదో అయ్యగారికి తెలీదు. నాన్న వెనక్కి తిరిగి చూడనివ్వలేదు. విశాఖ క్యాంపులో కాగితాలు నింపేటప్పుడు, ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాడు మిషన్ స్కూలు కుర్రాడొక్కడే. బర్మాలో ఇంకా ఎవరైనా మిగిలారా అన్న గడిలో నాన్న చెప్పినట్టు "ఎవరూ లేరు" అని రాసింది ఆ పధ్నాలుగేళ్ళ చెయ్యే. అప్పటి నుంచి ఆయన రంగూన్ గురించి రాయలేకపోవడానికి కారణం ఇదేనని నేను తీర్పు చెప్పను. ఆయన అలా అనలేదు. కానీ ఆ సంగతి కాగితం మీద పడ్డాక మిగతా రంగూన్ అంతా వరసగా వచ్చేసింది, మొహింగా కుండతో సహా.

సాక్ష్యంలో ఆమెకి చోటు లేకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆమె బౌద్ధురాలైంది. దేవుడు మా కుటుంబాన్నంతా కాపాడి తెచ్చాడని చెప్పే కథలో, రాకుండా ఉండిపోయి, వేరే మతంలో, సుఖంగా బతికిన అక్కని ఎక్కడ పెట్టాలి? మైకు ముందు ఆ ప్రశ్నకి జవాబు లేదు. అందుకే ఆమెని వదిలేశారు. నాకర్థమైనంతవరకు, 1942 నడక అంతకంతకూ పెద్దదవుతూ వచ్చింది 1965 ఓడ గురించి మాట్లాడక్కర్లేకుండా ఉండటానికే. నడకలో వీరత్వం ఉంది. ఓడలో క్యూలు, సంతకాలు, ఒలిచిపెట్టిన గాజులు, ఒక గడిలో రాసిన రెండు మాటలు ఉన్నాయి.

చెప్పి తీరాల్సిన సంగతి ఇంకొకటుంది. ఆమె బతికే ఉంది. 2014లో మయన్మార్‌లోకి కొత్త ఫోన్ కంపెనీలు వచ్చి సిమ్ములు చవకయ్యాక, కొన్నేళ్ళకి ఆమె కూతురు ఫేస్‌బుక్‌లో వెతికి వెతికి అయ్యగారి మనవరాలిని పట్టుకుంది. అప్పటి నుంచి తాత, మనవరాలు గది తలుపేసుకుని వీడియో కాల్ మాట్లాడుతున్నారు. అమ్మగారికి తెలుసు, అబ్బాయికి తెలీదు. నేను ఒకసారి విన్నాను. అరవై ఏళ్ళుగా అక్కడే ఉన్న ఆమె మాట్లాడేది పాత శ్రీకాకుళం తెలుగు. "ఏటిరా, తిన్నావా?" అని మొదలుపెట్టింది. ఇటుపక్క అయ్యగారు ప్రసంగాల గ్రాంథికం మొత్తం మరిచిపోయి, "నాకేటి అప్పా, బాగానే ఉన్నాను" అన్నారు. పుస్తకానికి ఏ గొంతు కావాలో ఆ రోజు నాకు తెలిసింది. రాతప్రతి అంతా ఆ గొంతుకి దగ్గరగా తేవడానికి ఇద్దరం మళ్ళీ మొదటి పేజీ నుంచి కూర్చున్నాం.

అచ్చుకి ముందు తేల్చుకున్నవి

అప్ప అధ్యాయం వేయాలా వద్దా అన్నది ఆయన ఒక్కరి నిర్ణయం కాదు. ఆమెని అడగాలి. 2021 ఫిబ్రవరిలో సైన్యం మళ్ళీ గద్దెనెక్కాక అక్కడ ఇంటర్నెట్ ఉన్నట్టూ లేనట్టూ ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి కుర్రాళ్ళని బలవంతంగా సైన్యంలోకి తీసుకునే చట్టం అమల్లోకి వచ్చింది. ఆమె మనవలు ఆ వయసువాళ్ళు. లైను కలిసినప్పుడు అయ్యగారే అడిగారు. ఆమె రాసుకోమంది, ఊరి పేరు, పిల్లల పేర్లు, ఫోటో మాత్రం వద్దంది. అబ్బాయి ఒక కుటుంబ ఫోటో వేద్దామన్నాడు, నేను గట్టిగా వద్దన్నాను. పుస్తకం ఎవరి చేతికి వెళ్తుందో, అందులో పేజీ ఫోటో తీసి ఎవరు ఎక్కడ పెడతారో మన చేతిలో ఉండదు. అదే కారణంతో సేవ భాగంలో మతం మారిన మత్స్యకార కుటుంబాల అసలు పేర్లన్నీ తీసేశాం. అయ్యగారు మొదట ఒప్పుకోలేదు, వాళ్ళ పేర్లు దేవుని దగ్గరున్న జీవగ్రంథంలో ఉన్నాయి కదా అన్నారు. ఉన్నాయి గానీ ఆ పుస్తకం ఊళ్ళో అమ్మరు కదా అన్నాను. నవ్వి సరేనన్నారు.

అప్ప అధ్యాయానికి ఆయన మొదట రాసిన ముగింపు అచ్చం ప్రసంగం: ఆమె రక్షణ కొరకు ప్రార్థించుడి అని పాఠకులకు పిలుపు. ఆయన విశ్వాసం విషయంలో నేను సలహా ఇవ్వకూడదు, ఇవ్వలేదు కూడా. ఎడిటర్‌గా ఒక్కటే అడిగాను: "ఈ అధ్యాయం అప్ప చదివించుకుంటే?" ఆయన ఆ పేరా తీసి వేరేది రాశారు. తాను ఆమె కోసం రోజూ ప్రార్థన చేస్తాననీ, ఆమె తన కోసం పగోడాలో దీపం వెలిగిస్తానని చెప్పిందనీ, ఇద్దరూ ఒకర్నొకరు ఆపలేదనీ. వాదన లేదు, వ్యాఖ్యానం లేదు. పుస్తకంలో నాకు బాగా నచ్చిన పేరా అదే.

నడక సంగతి పుస్తకం రాకముందే చెప్పాలన్నారు. చదివి తెలుసుకునేకన్నా నోటితో చెప్పడం న్యాయమని ఆయన లెక్క. సొంత సంఘంలో ఒక ఆదివారం, ప్రసంగం అయ్యాక, కానుక పాటకి ముందు చెప్పారు: నడిచింది మా నాన్న, మామ్మ, నేను ఓడలో వచ్చాను, ఇన్నాళ్ళూ నేను నడిచినట్టు వినిపించాను, అది సరికాదు. అంతకుమించి సాగదీయలేదు. కొందరు పెద్దలు బాధపడ్డారు. ఒక సంఘం కూటాలకి పిలిచి, మళ్ళీ వద్దంది. ఒకాయన పుస్తకం కొని తిరిగి పంపేశాడు. ఇంకోవైపు, క్యాంపులో పెరిగిన కుటుంబాలు పాత సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకుని అయ్యగారి ఇంటికి రావడం మొదలైంది. వాళ్ళలో కొందరు అంతకుముందు ఆయన కూటాలకి ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే ఆయన ఓడలో వచ్చాడని వాళ్ళకి తెలుసు.

పుస్తకం డెమీ సైజులో వచ్చింది. మూడు భాగాలు: విన్నది, చూచినది, చేసినది. పాస్టర్ల ఆత్మకథల్లో మొదటి ఇరవై పేజీలు అభినందన సందేశాలే ఉంటాయి, ఇందులోనూ అవి తప్పలేదు. ఇల్లు బొమ్మ మాత్రం వాటికన్నా ముందు వేయించాను. ఆరు చాపలతో, పెన్సిలు గీతలు అలాగే కనబడేలా.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నవి

ప్రసంగాలు అలవాటైనవాళ్ళ దగ్గర రికార్డర్ ఇప్పుడు ముందు తీయను. ముందు పాత రికార్డింగులు అడిగి వింటాను. ఏ ఏడాది ఏ మాట మారిందో చూస్తే, ఏది బరువెక్కిందో, ఏది రాలిపోయిందో ముందే తెలుస్తుంది. అది నాకోసమే, వాళ్ళ ముందు పెట్టడానికి కాదు. తేదీల పట్టిక కూడా తయారుచేస్తాను. కానీ దాన్ని కుటుంబం చేతికి ఇవ్వను. అబ్బాయిలకి ఎక్సెల్ మీద ప్రేమ ఎక్కువ.

విన్నది, చూసింది విడదీయమనే నియమం బయటినుంచి పెడితే పనిచేయదని రెండు వేరే కేసుల్లో చూశాను. ఇక్కడ పనిచేసింది అది ఆయన ఎర్ర సిరాలోంచే వచ్చింది కాబట్టి. అందుకని ప్రతివాళ్ళ దగ్గరా వాళ్ళ సొంత వృత్తిలోంచి ఏదో ఒక కొలబద్ద వెతుకుతాను. ఒక రిటైర్డ్ నర్సమ్మకి అది డ్యూటీ రిజిస్టరు అయింది: తన షిఫ్టులో జరిగినవి మాత్రమే రాయడం.

ఇల్లు బొమ్మ పద్ధతికి హద్దులున్నాయి. ఐదారేళ్ళ లోపు వయసులో వచ్చినవాళ్ళు గీయలేరు. గీసినా అది అమ్మ చెప్పిన ఇల్లే అవుతుంది. క్యాంపు నుంచి వచ్చిన కుటుంబాల్లో ఇప్పుడు మిగిలినవాళ్ళు చాలామంది అలాంటివాళ్ళే. వాళ్ళతో విశాఖ క్యాంపు షెడ్డు బొమ్మ నుంచి మొదలుపెట్టి చూస్తున్నాను. ఇద్దరి విషయంలో కదిలింది. ఒకావిడ మాత్రం షెడ్డు గీసి, తలుపు గీయలేదు. ఆవిడతో పని ఇంకా నడుస్తోంది.